1956 సీజన్: ఛాంపియన్ లేని ఏడాది

1956లో మన దేశంలో ఫుట్‌బాల్ ఛాంపియన్ ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు లేదు. రికార్డులు మాత్రం భద్రంగానే ఉన్నాయి. కలకత్తా లీగ్ మోహన్ బగాన్ గెలిచింది, అక్కడే జరిగే ఐఎఫ్ఏ షీల్డ్ కూడా వాళ్లదే. బొంబాయిలో రోవర్స్ కప్ మొహమ్మదన్ స్పోర్టింగ్‌కు దక్కింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 2-0తో హైదరాబాద్ సిటీ పోలీస్‌ను ఓడించింది. త్రివేండ్రంలో జరిగిన సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ రాష్ట్ర జట్టుకు వచ్చింది. ఐదు పెద్ద పోటీలు, నాలుగు విజేత జట్లు. ఈ నాలుగింటిలో ఎవరు గొప్పో తేల్చే పోటీ ఒక్కటి కూడా లేదు.

అదే సీజన్‌లో, డిసెంబర్‌లో, భారత జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా నుంచి అంతదాకా వెళ్లిన మొదటి జట్టు మనదే. చివరికి 4వ స్థానంలో నిలిచింది. మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో ఆ మెట్టు మళ్లీ ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదు అని అడిగితే వచ్చే మాట ఒకటుంది: మనవాళ్లు అమెచ్యూర్లు, డబ్బు తీసుకోకుండా ఆడినవాళ్లు, ప్రొఫెషనల్ ప్రపంచంతో ఎన్నాళ్లు నెగ్గుకొస్తారు అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మెల్‌బోర్న్‌లో మనకంటే పైన నిలిచిన మూడు జట్లను చూస్తే ఈ మాట నిలబడదు. స్వర్ణం సోవియట్ యూనియన్‌ది, రజతం యుగోస్లావియాది, కాంస్యం బల్గేరియాది. కాగితం మీద ఆ మూడు జట్ల ఆటగాళ్లూ అమెచ్యూర్లే. అమెచ్యూర్లు కాకపోతే ఒలింపిక్స్‌లోకి రానిచ్చేవాళ్లే కాదు. కాబట్టి తేడా ఎక్కడుందో వేరేచోట వెతకాలి. 1956-57 సీజన్ ఎలా నడిచిందో దగ్గర నుంచి చూస్తే అది కనిపిస్తుంది.

ముందు ఆ రోజుల్లో అమెచ్యూర్ అంటే ఏమిటో చూడాలి. ఆటకు జీతం లేదు. క్లబ్బుతో రాతకోతల కాంట్రాక్టు లేదు. ఆటగాడికి ఇల్లు గడవాలి కదా, దానికి ఉద్యోగం ఉండేది. ఆ ఉద్యోగం వచ్చిందే ఆట వల్ల. హైదరాబాద్‌లో ఆ ఉద్యోగం పోలీసు శాఖలో. కలకత్తాలో రైల్వేలో. బొంబాయిలో చమురు కంపెనీల్లో, మిల్లుల్లో. దక్షిణాదిలో సైన్యం కూడా పెద్ద ఆసరా. మెల్‌బోర్న్ జట్టునే చూడండి. కుడి వింగ్‌లో ఆడిన పీకే బెనర్జీ ఈస్టర్న్ రైల్వే మనిషి. కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బుల్లో ఏ ఒక్కదానికీ ఆడకుండానే దేశంలో అంత పేరు తెచ్చుకున్నాడు. సెంటర్ ఫార్వర్డ్ నెవిల్ డిసౌజా బొంబాయిలో కాల్టెక్స్ జట్టువాడు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టి, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడిన సైనికుడు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫిఖారుద్దీన్, అహ్మద్ హుస్సేన్ హైదరాబాద్ మైదానాల్లో తయారైనవాళ్లు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పేద కుటుంబాల కుర్రాళ్లకు బంతి వల్ల నెలజీతం, పెన్షన్ ఉండే ఉద్యోగం దొరికాయి. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. కానీ ఆ ఉద్యోగం సీజన్ ఆకారాన్నే మార్చేసింది. ఆటగాడు ఎక్కడ ఆడాలన్నా సెలవు మంజూరు కావాలి. జట్టు ఊరు దాటాలంటే పై అధికారి సంతకం కావాలి. ఏ టోర్నీకి వెళ్లాలి, దేనికి వద్దు అనేది ఆట తెలిసినవాళ్లు కాక ఆఫీసు నిర్ణయించే రోజులు ఉండేవి. ఇలాంటి ఏర్పాటులో రెండు మూడు వారాల టోర్నీ నడుస్తుంది. ఏడాది పొడవునా దేశమంతా తిరిగే లీగ్ నడవడం కష్టం.

దీనికి తోడు సీజన్ వాన వెనకాల నడిచేది. మేలో కలకత్తా మైదానంలో లీగ్ మొదలయ్యేది. వానలన్నీ అక్కడే, బురదలోనే. లీగ్ చివరికొచ్చేసరికి ఐఎఫ్ఏ షీల్డ్. అటు బొంబాయిలో వానలు తెరిపిచ్చాక కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్. చలి ముదిరేసరికి ఢిల్లీలో డ్యూరాండ్. వీటి మధ్యలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ, ఏ రాష్ట్రం పిలిస్తే అక్కడ సంతోష్ ట్రోఫీ. ఒక్కో పోటీకి ఒక్కో చరిత్ర. డ్యూరాండ్ 1888లో సిమ్లాలో దొరల సైనిక జట్ల కోసం పుట్టింది. రోవర్స్ 1891 నాటిది, షీల్డ్ 1893 నాటిది. ఇవన్నీ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కంటే పాతవి. సమాఖ్య 1937లో వచ్చింది. అది సొంతంగా నడిపిన జాతీయ పోటీ 1941లో మొదలైన సంతోష్ ట్రోఫీ. అది కూడా క్లబ్బుల పోటీ కాదు, రాష్ట్రాల పోటీ. అంటే ఇల్లు ముందే ఉంది, అందులో గదులన్నీ ఎవరెవరివో. తర్వాత వచ్చిన యజమానికి మిగిలింది ఒక వసారా.

కలకత్తా లీగ్ మాటేమిటి అనొచ్చు. అది నిజంగా లీగే. వారం వారం మ్యాచ్‌లు, పాయింట్లు, పట్టిక, గ్యాలరీల్లో కిక్కిరిసిన జనం, ఓడితే ఇంట్లో అన్నం మానేసే అభిమానం. కానీ అది కలకత్తా క్లబ్బులకే. హైదరాబాద్ సిటీ పోలీస్ దేశంలో ఎంత గొప్ప జట్టయినా అందులో ఆడటానికి దారి లేదు. హైదరాబాద్ జట్టుకు సొంత ఊళ్లో లీగ్ ఉండేది, కానీ అక్కడ పోలీసులను నిలువరించే జట్లు ఎన్నని? గట్టి ప్రత్యర్థి కావాలంటే రైలెక్కి బొంబాయి, ఢిల్లీ వెళ్లాలి. అక్కడ ఉన్నవి నాకౌట్ టోర్నీలు. మొదటి మ్యాచ్‌లో ఒక్క గోల్ తేడాతో ఓడినా పెట్టె సర్దుకుని తిరుగు రైలు ఎక్కాల్సిందే. దేశంలోని మంచి జట్టు ఒకటి, దేశంలోని మంచి జట్లతో ఏడాదికి ఆడే మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాకౌట్ ఆటకు ఒక గుణం ఉంది. ఒక రోజు జరిగింది ఇంకో రోజు జరగదు. ఆ ఏడు సంతోష్ ట్రోఫీ ఫైనల్లో హైదరాబాద్, బొంబాయి తలపడితే మొదటి మ్యాచ్ 1-1. మళ్లీ ఆడితే హైదరాబాద్ 4-1తో గెలిచింది. అవే రెండు జట్లు. మొదటిరోజు బొంబాయి ఇంకో గోల్ కొట్టి ఉంటే ఈ రోజు రికార్డులో వేరే పేరు చదివేవాళ్లం. 1950 డ్యూరాండ్ ఫైనల్‌ కూడా ఇంతే: మోహన్ బగాన్ మీద 2-2, తర్వాత రీప్లేలో 1-0తో హైదరాబాద్ పోలీసుల గెలుపు. కప్పుల్లో ఉండే మజా అంతా ఇక్కడే ఉంది. కానీ జట్టు అసలు బలం, ఆటగాడి నిలకడ తెలియాలంటే ఇరవై, ముప్పై మ్యాచ్‌ల లీగ్ కావాలి.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్ 70 నిమిషాలే. ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడుతుంటే మనం సగానికి 35 చొప్పున ఆడేవాళ్లం. అంతకు కొన్నేళ్ల ముందు దాకా బూట్లు కూడా తప్పనిసరి కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడాకే సమాఖ్య బూట్ల నిబంధన తెచ్చింది. ఆ స్కోరు గుర్తుపెట్టుకోండి, నాలుగేళ్ల తర్వాత మళ్లీ అదే జట్టు ఎదురవుతుంది.

ఇన్ని అడ్డంకుల మధ్య హైదరాబాద్ ఆ స్థాయికి ఎలా వచ్చింది? సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చెప్పకుండా దీనికి సమాధానం లేదు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, బడిపంతులుగా బతికారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి పోలీసు జట్టుకూ, దేశ జట్టుకూ ఆయనే కోచ్. ఆయన వచ్చాక పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం అందుకున్నదీ ఆయన చేతి కిందే.

రహీం సాబ్ గొప్పతనమంతా మైదానం గీతల దగ్గర నిలబడి కేకలు వేయడంలో ఉందనుకుంటే పొరపాటు. లేని లీగ్‌ను ఆయన ఊళ్లోనే చిన్న చిన్న ముక్కలుగా తయారు చేసుకున్నారు. అసోసియేషన్ కార్యదర్శిగా ఆయన పెట్టిన టోర్నీలు చూస్తే పంతులు బుద్ధి తెలుస్తుంది. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించాలి. ఆ నియమం పెట్టాక కుర్రాడికి ఇంకో దారి ఉండదు. బంతి రాకముందే తలెత్తి ఎవరెక్కడున్నారో చూసుకోవాలి. మరో టోర్నీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడమతో కొట్టాలి, ఎడమకాలివాడు కుడితో కొట్టాలి. ఒక వారం తడబడతాడు, రెండో వారం నవ్వులపాలవుతాడు, సీజన్ ముగిసేసరికి రెండు కాళ్లూ ఒక్కటవుతాయి. దీనికి పెద్ద స్టేడియం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. నియమం రాసిన కాగితం ముక్క, దాన్ని కచ్చితంగా అమలు చేసే రిఫరీ ఉంటే చాలు. తెలుగునేల మీద క్రీడల కోసం ఎవరైనా చేసిన ఆలోచనల్లో ఇంత చౌకగా, ఇంత లోతుగా పనిచేసింది మరొకటి దొరకడం కష్టం.

తులసీదాస్ బలరాం ఆ పద్ధతిలోంచే వచ్చాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో, ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. కుర్రాడి ఆట చూసి రహీం శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ రావడానికి చేతిలో డబ్బు లేదన్నాడు బలరాం. అద్దె సైకిలు కోసం రోజుకు ఒక రూపాయి రహీం ఇచ్చారు. ఆ సైకిలు తొక్కుకుంటూ వచ్చిన కుర్రాడు 20 ఏళ్లకే మెల్‌బోర్న్ వెళ్లాడు. మన ఫుట్‌బాల్ చరిత్రలో అంత మంచి ఫార్వర్డ్‌లు మహా అయితే ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆ రూపాయి ఏ బడ్జెట్టులోదీ కాదు, అలాంటి పద్దు ఏ ఆఫీసు పుస్తకంలోనూ ఉండదు. రోజుకు రూపాయి ఇచ్చే పంతులు లేని ఊళ్లలో ఎంతమంది బలరాంలు బంతి వదిలేసి కూలిపనికి వెళ్లిపోయి ఉంటారో.

ఇక మెల్‌బోర్న్. ఆ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆడినవి 11 జట్లే. మన మొదటి ప్రత్యర్థి హంగరీ. బుడాపెస్ట్‌లో తిరుగుబాటు, సోవియట్ ట్యాంకులు, రక్తపాతం. హంగరీ ఫుట్‌బాల్ జట్టు రాలేదు, మనకు వాకోవర్ వచ్చింది. ఈ అదృష్టాన్ని దాచిపెట్టాల్సిన పనిలేదు. సెమీఫైనల్‌కు మనం ఒకే ఒక్క గెలుపుతో వెళ్లాం. కానీ ఆ గెలుపు ఎలాంటిదో చూడాలి.

డిసెంబర్ 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాతో క్వార్టర్‌ఫైనల్. 9వ నిమిషంలో డిసౌజా గోల్. 17వ నిమిషంలో ఆస్ట్రేలియా సమం చేసింది. 33వ నిమిషంలో మళ్లీ డిసౌజా, 41వ నిమిషంలో మళ్లీ ఆస్ట్రేలియా. విరామానికి 2-2. రెండుసార్లు ఆధిక్యం చేజారిన జట్టు పరాయి మైదానంలో డీలా పడిపోవాలి. 50వ నిమిషంలో డిసౌజా మూడోది కొట్టి హ్యాట్రిక్ పూర్తిచేశాడు. ఒలింపిక్స్‌లో ఆసియా ఆటగాడు కొట్టిన తొలి హ్యాట్రిక్ అది. 80వ నిమిషంలో మరో ఫార్వర్డ్ కిట్టు నాలుగోది కొట్టాడు. 4-2. గాలివాటం గెలుపేమో అన్న అనుమానం ఎవరికైనా ఉంటే, ఒలింపిక్స్ ముగిశాక డిసెంబర్ 12న సిడ్నీలో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్ చూడాలి. అదే ఆస్ట్రేలియాను మనవాళ్లు 7-1తో ఓడించారు.

డిసెంబర్ 4న సెమీఫైనల్, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. ఎదురుగా హెల్సింకిలో 10 గోల్స్ కొట్టిన యుగోస్లావియా. మొదటి సగం 0-0. 52వ నిమిషంలో డిసౌజా గోల్ కొట్టాడు. భారత్ 1, యుగోస్లావియా 0. నాలుగేళ్ల కిందట 1-10, ఇప్పుడు ఆధిక్యం మనది. ఒలింపిక్ ఫైనల్‌కు మన దేశం అంత దగ్గరగా వెళ్లింది అప్పుడే. ఆ ఆధిక్యం రెండే రెండు నిమిషాలు నిలిచింది. 54వ నిమిషంలో పాపెక్ సమం చేశాడు, 57లో వెసెలినోవిచ్, 65లో మళ్లీ పాపెక్. 78వ నిమిషంలో మన గోల్‌లోకి మనమే బంతి పంపుకున్నాం. 1-4.

70 నిమిషాలకు అలవాటుపడ్డ కాళ్లు 90 నిమిషాల ఆటలో అలసిపోయాయి అనుకోవడం తేలిక. గోల్స్ పడిన సమయాలు చూస్తే అలా అనిపించదు. నాలుగింటిలో మూడు గోల్స్ 65వ నిమిషం లోపే పడ్డాయి. మన దేశవాళీ మ్యాచ్ కూడా అప్పటికి ముగిసేది కాదు. అసలు లోటు ఇంకోటి. గోల్ తిన్న బలమైన జట్టు ఒక్కసారిగా వేగం పెంచి మీద పడినప్పుడు ఆటను నెమ్మదింపజేయడం, బంతిని దగ్గర పెట్టుకోవడం, పది నిమిషాలు కాచుకోవడం, ఇవి శిక్షణ శిబిరంలో నేర్పేవి కావు. తనకు సమానమైన జట్లతో వారం వారం ఆడుతూ, ఓడుతూ, మళ్లీ ఆడుతూ నేర్చుకునేవి. యుగోస్లావియా ఆటగాళ్లకు ఆ అలవాటు ఉంది. మనవాళ్లకు ఆ అవకాశమే రాలేదు. ప్రతిభలో తేడా 1952లో 9 గోల్స్. 1956లో మొదటి 52 నిమిషాల్లో తేడా ఏమీ లేదు, పైగా మనమే ముందున్నాం. ఓడించింది తర్వాతి 13 నిమిషాలు. కాంస్యం కోసం 7న జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. అప్పటికి మనవాళ్లలో సత్తువ మిగల్లేదు. 4 గోల్స్‌తో డిసౌజా టోర్నీలో అత్యధిక గోల్స్ కొట్టిన ముగ్గురిలో ఒకడిగా నిలిచాడు.

ఇప్పుడు అమెచ్యూర్ సంగతికి వద్దాం. ఆ టోర్నీలో అక్షరాలా అమెచ్యూర్లు, అంటే పగలంతా వేరే పనిచేసుకుని సాయంత్రం ఆడేవాళ్లు, బ్రిటన్ జట్టువాళ్లు. బల్గేరియా వాళ్లను 6-1తో ఓడించింది. సోవియట్ ఆటగాడు కాగితం మీద సైనికుడో, ఫ్యాక్టరీ ఉద్యోగో. జీతం ఉద్యోగానికి, పని ఆట. ఇది మనకు కొత్త కాదు. హైదరాబాద్ కానిస్టేబుల్ పరిస్థితి కూడా అచ్చం అదే. మాస్కోలో, బెల్‌గ్రేడ్‌లో, సోఫియాలో, హైదరాబాద్‌లో అమెచ్యూర్ అనే మాటకు అర్థం ఒకటే: ఆట పేరు చెప్పి డబ్బు ఇవ్వరు, ఉద్యోగం పేరు చెప్పి ఇస్తారు. ఆ అర్థంలో మన ఆటగాడు వాళ్లకు తీసిపోడు.

కానీ సోవియట్ యూనియన్‌లో 1936 నుంచే జాతీయ లీగ్ ఉంది. యుగోస్లావియాలో అంతకంటే ముందే ఉంది. బల్గేరియాలో కూడా ఉంది. ఆ దేశాల్లో అమెచ్యూర్ ముద్ర ఉన్న ఆటగాడు ఏడాది పొడవునా దేశంలోని మేటి జట్లన్నింటితో, సొంత ఊళ్లో ఒకసారి, పరాయి ఊళ్లో ఒకసారి ఆడేవాడు. మన ఆటగాడికి కప్పులు మిగిలాయి. పతకానికీ 4వ స్థానానికీ మధ్య ఉన్న దూరం ఇదే.

దేశమంతటికీ ఒకే లీగ్ ఉంటే తప్ప గతిలేదు అనలేం. 1954 ప్రపంచ కప్ గెలిచిన పశ్చిమ జర్మనీలో అప్పటికి ఒకే జాతీయ లీగ్ లేదు, బుండెస్‌లీగా 1963లో గానీ రాలేదు. కానీ అక్కడ ప్రాంతాలవారీగా 5 గట్టి లీగ్‌లు ఉండేవి, పైకి వచ్చిన జట్లు చివర్లో ఒకచోట కలిసి జాతీయ ఛాంపియన్ ఎవరో తేల్చుకునేవి. ఈ దారి మనకూ ఉంది. కలకత్తాలో లీగ్ ఉంది, బొంబాయిలో ఉంది, బెంగళూరు, మద్రాస్, హైదరాబాద్‌లలో ఉన్నాయి. ఐదు ఊళ్ల విజేతలను ఏడాదికి ఒక నెల కలిపి ఆడిస్తే చాలు. సెలవులు, రైళ్లు, వానలు అన్నీ దానికి సరిపడేవే. డ్యూరాండ్, రోవర్స్ కోసం ఎలాగూ అన్ని జట్లూ ప్రయాణం చేస్తూనే ఉన్నాయి. అయినా ఎవరూ పూనుకోలేదు. కలకత్తాకు తన లీగ్ చాలు. డ్యూరాండ్, రోవర్స్ నిర్వాహకులకు తమ కప్పులు చాలు. సమాఖ్యకు సంతోష్ ట్రోఫీ చాలు.

నెదర్లాండ్స్ కథ ఇక్కడ పక్కన పెట్టి చూడదగ్గది. అక్కడి సమాఖ్య 1954 దాకా ఆటగాడికి డబ్బు ఇవ్వడానికి వీల్లేదని పట్టుబట్టింది. డబ్బు కోసం విదేశాలకు వెళ్లినవాళ్లను జాతీయ జట్టులోకి రానివ్వలేదు. 1953లో ఆ దేశాన్ని పెద్ద వరద ముంచెత్తింది. బాధితుల సహాయం కోసం, విదేశాల్లో ఆడుతున్న డచ్ ఆటగాళ్లు పారిస్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్ ఆడి 2-1తో గెలిచారు. వెలివేసినవాళ్లే దేశానికి ఆసరా అయ్యేసరికి జనం అభిప్రాయం మారింది, మరుసటి ఏడాది సమాఖ్య దిగొచ్చింది. వాళ్లు అంతటితో ఆగలేదు. 1956లో దేశమంతటికీ ఒకే పై స్థాయి లీగ్ పెట్టారు, 1956-57లో అజాక్స్ దాని తొలి విజేత అయింది. అంటే హైదరాబాద్ త్రివేండ్రంలో సంతోష్ ట్రోఫీ ఎత్తిన సీజన్‌లోనే అక్కడ కొత్త లీగ్ మొదలైంది. ఆ రోజున భారత ఫుట్‌బాల్, డచ్ ఫుట్‌బాల్ మధ్య ఇప్పుడున్నంత ఆమడ దూరం లేదు.

ఆ సీజన్‌కు మనకు సంబంధించిన ఇంకో ముఖం ఉంది. 1956 నవంబర్ 1న, ఒలింపిక్స్ మొదలవడానికి మూడు వారాల ముందు, హైదరాబాద్ రాష్ట్రం లేకుండా పోయింది. తెలంగాణ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, కన్నడ జిల్లాలు మైసూరులోకి వెళ్లాయి. కానీ సంతోష్ ట్రోఫీ జాబితాలో 1956-57 విజేత హైదరాబాద్. 1957-58 విజేత కూడా హైదరాబాదే. ఈసారి ఫైనల్ సొంత ఊళ్లోనే, ప్రత్యర్థి మళ్లీ బొంబాయే, స్కోరు 3-1. భూపటంలో లేని రాష్ట్రం వరసగా రెండోసారి దేశ విజేత అయింది. రాష్ట్రం పోయినా ఫుట్‌బాల్ అసోసియేషన్ పోలేదు, ఆటగాళ్లు పోలేదు, రహీం పోలేదు.

1957 ఇంకా గొప్పగా నడిచింది. పోలీసు జట్టు రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ ఫైనల్లో, ముందటేడు తమను ఓడించిన ఈస్ట్ బెంగాల్‌ను 2-1తో ఓడించింది. పైన సంతోష్ ట్రోఫీ. బొంబాయిలో, ఢిల్లీలో, సొంత ఊళ్లో, మూడుచోట్ల మూడు కప్పులు ఒకే సీజన్‌లో హైదరాబాద్‌కు వచ్చాయి. అయినా దేశ ఛాంపియన్ అని రాసుకోవడానికి వీల్లేదు. ఆ ఏడాది కలకత్తా లీగ్, షీల్డ్ రెండూ మొహమ్మదన్ స్పోర్టింగ్‌వి. ఆ మొహమ్మదన్‌తో ఈ హైదరాబాద్‌ను ఒక సీజన్ పొడవునా పోల్చి చూసే వేదికే లేదు. వరసగా ఇలా ఆడిన జట్టుకు ఒక్క జాతీయ బిరుదు లేకపోవడం ఆ కాలం చేసిన పెద్ద అన్యాయం.

అన్యాయం అక్కడితో ఆగలేదు. 1957లోనే బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఈ దారి ఎప్పటినుంచో ఉన్నదే. ఈస్ట్ బెంగాల్‌కు పంచపాండవులని పేరొచ్చిన ఐదుగురు ఫార్వర్డ్‌లు, అప్పారావు, వెంకటేశ్, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే, అందరూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే. అమెచ్యూర్ నిబంధన పుస్తకంలో ఉన్నంత మాత్రాన కలకత్తా క్లబ్బుల చేతులు కట్టేసినట్టు కాదు. జనం టికెట్లు కొనే ఊళ్లో ఆటగాడికి వసతి, మంచి ఉద్యోగం, చేతి ఖర్చులు, పేరు, అన్నీ ఏదో ఒక దారిలో సమకూరేవి. హైదరాబాద్ పోలీసు శాఖ ఇవ్వగలిగింది పోలీసు ఉద్యోగం, పోలీసు జీతం. కుటుంబాన్ని పోషించాల్సిన కుర్రాడు కలకత్తా రైలెక్కితే తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

తప్పు పద్ధతిలో ఉంది. కాంట్రాక్టు అంటూ ఉంటే ఆటగాడిని తయారుచేసిన జట్టుకు పరిహారం ఉండేది. ఇక్కడ కాంట్రాక్టు లేదు కాబట్టి పైసా రాదు. పదేళ్లు పెంచిన చెట్టు కాయలన్నీ పక్క పెరట్లో రాలినట్టే. పైగా సంతోష్ ట్రోఫీలో ఆటగాడు తానుంటున్న రాష్ట్రానికి ఆడేవాడు. కలకత్తా వెళ్లిన బలరాం ఆ తర్వాత బెంగాల్ జట్టుకు ఆడాడు. హైదరాబాద్ ఒక్క ఆటగాణ్ణి పోగొట్టుకుంటే క్లబ్బు బలం ఒకసారి, రాష్ట్ర బలం ఇంకోసారి తగ్గుతుంది. జాతీయ లీగ్ ఉంటే పోలీసు జట్టులో ఉండి కూడా బలరాం ఏడాది పొడవునా పెద్ద జట్లతో, పెద్ద జనం ముందు ఆడేవాడు. ఊరు వదలాల్సిన కారణాల్లో కనీసం ఒకటి తగ్గేది.

రహీం మాత్రం ఇంకా ఆరేళ్లు లాక్కొచ్చారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చినప్పుడు ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. అదే ఏడాది అనారోగ్యంతో బలరాం కూడా బూట్లు విప్పేశాడు. అప్పటికి అతనికి దాదాపు 27 ఏళ్లే. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు.

క్లబ్బులకు సమాఖ్య తన సొంత కప్పు 1977లో పెట్టింది. జాతీయ లీగ్ 1996లో వచ్చింది. మెల్‌బోర్న్‌కు సరిగ్గా 40 ఏళ్ల తర్వాత. అందులో ఆడటానికి హైదరాబాద్ సిటీ పోలీస్ పాత బలంతో మిగిలి లేదు. సంతోష్ ట్రోఫీ విజేతల జాబితాలో 1957-58 ఎదురుగా హైదరాబాద్ అని ఉంటుంది. 1965-66 ఎదురుగా ఆంధ్రప్రదేశ్ అని, బెంగాల్ మీద 1-1 తర్వాత 1-0 అని ఉంటుంది. ఆ తర్వాత వరసలన్నీ చదువుతూ కిందకి వచ్చినా తెలుగునేల పేరు మళ్లీ కనిపించదు. 2024 డిసెంబర్ 31న ఆ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లో, గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ.